మేకుల రుచి

నాకు ముక్కు మీద కోపం. మా వార్డులో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. పందొమ్మిదేళ్ళుగా ఈ ఆసుపత్రిలో రోగుల తిండి సంగతి చూసే ఉద్యోగం నాది. ఎవరికి ఉప్పు తగ్గించాలో, ఎవరికి మెత్తగా చేసి పెట్టాలో, ఎవరికి ఇంకో గుడ్డు వేయాలో రాసిచ్చేది నేనే. అయితే నాకు పేరొచ్చింది మాత్రం సీసాల వల్ల. తిండి చాలక చిక్కి శల్యమైనవాళ్ళకి రోజుకి మూడు చిన్న సీసాల బలం పాలు ఇస్తాం. ఒక్కో సీసా గ్లాసెడు ఉంటుంది. చిన్న సీసా అయినా ఒక పూట భోజనానికి తక్కువ కాదు. వెనిల్లా, చాక్లెట్, స్ట్రాబెరీ అని మూడు రకాలు. వాటి పుణ్యమా అని రోగులు నాకు సీసాల మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. ఎదురుగా అనరు, నేను వరండా మలుపు తిరిగాక అంటారు. నా చెవులు బాగా పనిచేస్తాయి.

సీసా చేతికిచ్చేటప్పుడు నేను చెప్పే మాటలు కూడా పందొమ్మిదేళ్ళుగా అవే. చాలా బాగుంటుందని, ఐస్‌క్రీమ్ కరిగించినట్టే ఉంటుందని, చిన్నపిల్లలైతే ఇంకోటి కావాలని పేచీ పెడతారని గడగడా అప్పజెప్పేదాన్ని. నిద్రలో లేపినా అప్పజెప్పగలను.

ప్రతి మంచానికీ ఒక కాగితం తగిలించి ఉంటుంది. ఎన్ని గంటలకిచ్చారు, ఏ రకం ఇచ్చారు, సీసా ఖాళీ అయిందా, ఇలా గళ్ళు. ఆయమ్మ ఖాళీ అయిన సీసాలూ గ్లాసులూ ఏరుకుని టిక్కులు పెడుతుంది. వారం తిరిగేసరికి టిక్కులన్నీ కూడి నేను పైవాళ్ళకి పంపుతాను. కాగితంలో చిట్టచివర ‘రోగి ఏమన్నారు’ అని ఒక గడి ఉంది. దాన్లో ఎవరూ ఏమీ రాయరు. కిందటేడు కొత్త ఫారాలు అచ్చుకిచ్చినప్పుడు ఆ గడి తీసేయమన్నాను. ప్రెస్సువాళ్ళు నా మాట చెవిన వేసుకోకుండా పాతదే అచ్చేసి పంపారు. పోనీలే అని ఊరుకున్నాను.

వడ్రంగి మేస్త్రి మా దగ్గరికి వచ్చినప్పుడు నలభై నాలుగు కిలోలు ఉన్నాడు. అరవై దాటిన మనిషి, మంచి పొడుగరి. చొక్కా హేంగరుకి తగిలించినట్టు భుజాల మీద వేలాడుతోంది. చెవి మీద మాత్రం పెన్సిలు ఉంది. ఆసుపత్రి బట్టలు ఇచ్చి సొంత బట్టలు తీయించాం గాని ఆ పెన్సిలు తీయించడం ఎవరి తరమూ కాలేదు. ఆయనకి జీర్ణాశయం నుంచి పేగులోకి వెళ్ళే దారి దగ్గర పాత పుండు ఒకటి ఉంది. అది మానుతూ రేగుతూ ఆ దారినే ఇరుకు చేసేసింది. గట్టి పదార్థం దిగదు, ద్రవాలు కొద్దికొద్దిగా దిగుతాయి. ఆపరేషన్ చేస్తే మామూలు మనిషవుతాడు. చేయకపోతే ఈ చిక్కడం ఎక్కడా ఆగదు.

సర్జన్‌గారు చూసి, ఇంత నీరసంగా ఉన్న మనిషికి కోసినా కుట్లు మానవని, నలభై అయిదు కిలోలకి వస్తేగాని కత్తి పట్టనని చెప్పేశారు. అంటే ఇంకొక్క కిలో. ఆ కిలో నా పూచీ అని నేను కాలరు లేకపోయినా ఎగరేసి చెప్పాను.

మేస్త్రి చేరిన రోజే మంచం పక్కనున్న చిన్న బల్ల ఊగుతోందని గమనించి, అట్టముక్క మడిచి దాని కాలికింద పెట్టాడు. కిటికీ తలుపు సరిగ్గా పడటంలేదని వేలితో తడిమి చూసి, చేసినవాడి గురించి నాలుగు మాటలన్నాడు. భార్య స్టూలు మీద కూర్చుని ఆయన్ని మందలించింది. ఆవిడ మితభాషి. ఆయన నోట్లోకి వెళ్ళే ప్రతి చెంచానీ కళ్ళతో లెక్కపెట్టేది. నేను నా పాఠం అప్పజెప్పి, స్టీలు గ్లాసులో చాక్లెట్ పాలు పోసిచ్చాను. మేస్త్రి ఒక గుక్క తాగాడు. కాస్త ఆగాడు. బాగుందని మర్యాదగా తలూపాడు. నేను మురిసిపోయి పక్క మంచానికి వెళ్ళాను.

పక్క మంచం లారీ డ్రైవరుది. పాతికేళ్ళు దాటి రెండో మూడో ఉంటాయి. కాలు విరిగి, ఆ గాయం చీము పట్టి, నెలరోజులు జ్వరంతో తీసుకుని బాగా తగ్గిపోయాడు. ఇప్పుడు కోలుకుంటున్నాడు. వాడికి సీసా ఇస్తే ఎత్తిన సీసా దించడు. ఊరి కబుర్లన్నీ వాడి దగ్గరే ఉంటాయి. మేస్త్రి వచ్చిన గంటలోనే ఆయన్ని బాబాయ్ అని, ఆయన భార్యని పిన్నీ అని పిలవడం మొదలుపెట్టాడు.

రెండు వారాలు గడిచాయి. రెండు మంచాల కాగితాల్లోనూ టిక్కులు బారులు తీరి ఉన్నాయి. డ్రైవరు మూడు కిలోలు పెరిగాడు. నెలవారీ మీటింగులో ఆ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. మేస్త్రి మాత్రం ఏడు వందల గ్రాములు తగ్గాడు.

నాకు బరువు చూసే మిషన్ మీద అనుమానం వచ్చింది. ముందు ఆయమ్మని ఎక్కించాను, తర్వాత పెద్ద సిస్టర్‌ని, ఆఖరికి నేనే ఎక్కాను. మిషన్ సరిగ్గానే ఉంది. ఆ సంగతి తెలిసినందుకు ముగ్గురిలో ఎవరమూ సంతోషించలేదు. అప్పుడు నేను జబ్బు మీద నెట్టేశాను. లోపల ఇంకేదో ఉండి ఉంటుంది, తాగింది ఒంటబట్టడం లేదు అని రాశాను. సర్జన్‌గారు కాగితం చూసి పెదవి విరిచారు. ఇంకో రెండు వారాలు చూద్దామని, అప్పటికీ ఇలాగే ఉంటే ఇంటికి పంపేయడం తప్ప చేసేదేమీ లేదని వరండాలో నాతో అన్నారు. ఆయన అటు వెళ్ళగానే మేస్త్రి భార్య నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఇంకో రెండు సీసాలు ఎక్కువ ఇప్పించండి. తాగుతారు. ఇచ్చినవాటిలో ఆయన ఒక్కటి కూడా వదల్లేదు కదా" అంది.

ఆవిడ మొహం చూసి నా ప్రాణం ఉసూరుమంది. అలాగే ఇప్పిస్తానన్నాను.

మర్నాడు ఉదయం డ్రైవరు ఇంటికి వెళ్ళిపోతున్నాడు. చంకలో కర్ర, వీపున సంచీతో నా గది గుమ్మంలో నిలబడ్డాడు. దండం పెట్టి, తన ప్రాణం నిలబెట్టింది నేనేనని ఏదేదో అన్నాడు. నేను వినయంగా వింటున్నాను. వాడు వెళ్ళబోయి మళ్ళీ తిరిగాడు.

"ఒక్క మాట మేడమ్. నేను వెళ్ళిపోతున్నాను కదా, మరి బాబాయ్ సీసాలు ఇక ఎవరు తాగుతారు?"

వాడి మనసులో ఏ కల్మషమూ లేదు. నేను అడిగినకొద్దీ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. మేస్త్రి ఏదో ఒక పని చెప్పి భార్యని బయటికి పంపేవాడట. ఒకసారి వేణ్ణీళ్ళు, ఒకసారి పేపరు, ఒకసారి కళ్ళజోడు తుడిచే గుడ్డ. ఆవిడ అటు వెళ్ళగానే గ్లాసు ఇటు వచ్చేది. కడుపు నిండిపోయింది, పారబోస్తే పాపం, తాగెయ్యి అబ్బాయ్ అనేవాడట. పెద్దాయనకి ఆకలి తక్కువేమో, ఇలా అందరికీ పంచిపెట్టడం ఇక్కడ మామూలేమో అని వీడు అనుకున్నాడు. రోజుకి ఆరు సీసాలు తాగాడు. నేను మీటింగులో చప్పట్లు కొట్టించుకున్న మూడు కిలోల్లో సగం మేస్త్రివి.

నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. తిన్నగా మేస్త్రి మంచం దగ్గరికి వెళ్ళి, భార్య ఎదుటే, వార్డంతా వింటుండగా దులిపేశాను. మేము ఇంతమందిమి ఆయన కోసం కిందా మీదా పడుతుంటే ఆయన దాగుడుమూతలు ఆడుతున్నాడా అని అడిగాను. ప్రాణం మీదకొచ్చినప్పుడు ఈ చిన్నపిల్లల చేష్టలేమిటన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. భార్య ఆయన వంక చూసింది.

"రోజూ తాగానని చెప్పారు కదండీ" అంది మెల్లిగా.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మనిషి వీపు చూశాకగాని నా నోరు మూతపడలేదు.

గదిలోకొచ్చి కుర్చీలో కూలబడ్డాను. పెద్ద సిస్టర్ నా వెనకే వచ్చింది. ఆవిడ నాకన్నా పదేళ్ళు పెద్ద. నన్ను నువ్వు అనే హక్కు ఈ ఆసుపత్రిలో ఆవిడకొక్కదానికే ఉంది. నేను ఇంకా పళ్ళు నూరుతూనే ఉన్నాను. అంత మంచి పాలు తాగడానికి ఆయనకొచ్చిన కష్టమేమిటని విసుక్కున్నాను.

"నువ్వెప్పుడైనా తాగావా?" అంది ఆవిడ.

తాగాను, ఒకే ఒకసారి. పందొమ్మిదేళ్ళ కిందట, ఆ పాలు తయారుచేసేవాళ్ళు చూపించడానికి వచ్చినప్పుడు, ఏసీ గదిలో, చల్లగా, బొటనవేలంత కాగితం కప్పులో, బిస్కట్లతో. ఆ తర్వాత ఎన్ని వేల సీసాలు పంచానో లెక్కలేదు గాని మళ్ళీ ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు.

మర్నాడు మేస్త్రికి ఇచ్చినట్టే నాకూ ఇమ్మని ఆయమ్మకి చెప్పాను. అదే వేళకి, అదే స్టీలు గ్లాసులో, చల్లబరచకుండా. ఆయమ్మ నా వంక జాలిగా చూసి పోసిచ్చింది. మొదటి గ్లాసు పొద్దున్న బ్రెడ్డూ గుడ్డూ తిన్న అరగంటకే వచ్చింది. రెండు గుక్కలు బాగానే దిగాయి. మూడో గుక్కకి తీపి గొంతు దగ్గర పేరుకుపోయింది. గోరువెచ్చగా ఉండటంతో విటమిన్ మాత్రల వాసనొకటి ముక్కుకి తగిలింది. గ్లాసు పూర్తి చేయడానికి నలభై నిమిషాలు పట్టింది. పళ్ళ మీద ఏదో పూత పూసినట్టు ఉండి, మంచినీళ్ళు తాగినా వదల్లేదు. మధ్యాహ్నం ఆకలి వేయలేదు. మూడింటికి రెండో గ్లాసు వచ్చేసరికి దాన్ని చూడగానే నా కడుపు అడ్డం తిరిగింది. సగం తాగాను. మిగతా సగం, తలుపు దగ్గరగా వేసి, సింకులో పోసి, కుళాయి తిప్పాను.

పోసిన పాలు తెల్లగా తిరుగుతూ పోతుంటే, ఎవరైనా చూస్తారేమోనని నేను గుమ్మం వైపు చూశాను. అప్పుడు తెలిసొచ్చింది. నాకు కడుపులో ఏ పుండూ లేదు, పైగా నన్నెవరూ నిలబెట్టి తిట్టరు. అయినా గ్లాసు కడిగేసి, తాగినదానిలా ముఖం పెట్టుకుని ఆయమ్మకి తిరిగిచ్చాను. ఆవిడ టిక్కు పెట్టుకుంది.

ఆ మరుసటి ఉదయం మేస్త్రి భార్య బట్టలు ఉతకడానికి వెళ్ళిన సమయం చూసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. నన్ను చూసి ఆయన లేచి కూర్చోబోయాడు, మళ్ళీ తిట్లు తినడానికి సిద్ధమవుతున్నట్టు.

"మేస్త్రిగారూ, నేను మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. "ఆ పాలు బాగుండవు. నిన్న మీలాగే మూడు సీసాలు తాగుదామని కూర్చున్నాను. ఒకటిన్నర దాటలేకపోయాను. మిగిలింది సింకులో పోశాను."

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. చెక్క కొనేవాడు పగుళ్ళ కోసం చూసినట్టు చూశాడు.

"మీకు కూడానా?" అన్నాడు.

"నాకు కూడా."

"మరి ఆ డ్రైవరబ్బాయి?"

"వాడు పడుచువాడు, ఆకలి మీదున్నాడు. డీజిలు పోసిచ్చినా తాగుతాడు."

మేస్త్రి నవ్వలేదు. నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"మేకులమ్మా. నలభై ఏళ్ళు మేకులు నోట్లో పెట్టుకుని పనిచేశాను. ఓ పది మేకులు పెదాల మధ్య పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆ రుచి నాకు తెలియంది కాదు. ఇక్కడికొచ్చిన కాణ్ణించి ఏది నోట్లో పెట్టుకున్నా అదే రుచి. మంచినీళ్ళు కూడా. ఆ పాలైతే మరీనూ."

"మరి మొదటి రోజే చెప్పొచ్చు కదా?"

"మా అన్న పోయేముందు ఇంతే. చక్కెర వేసినా చేదని ఉమ్మేసేవాడు. నెల తిరగలేదు, పోయాడు. మీరేమో బాగుంటుందన్నారు. సిస్టర్లూ అదే మాటన్నారు. పక్కవాడు లొట్టలేసుకుంటూ తాగుతున్నాడు. ఇంతమందికి బాగుండి నాకొక్కడికే బాగోలేదంటే, పాడైంది పాలు కాదు, నేనే అనుకున్నాను. నా పని అయిపోయింది, ఇంక నాలుగు రోజులే అనుకున్నాను. అది మా ఆవిడకి తెలియకూడదని..."

అక్కడ ఆపేశాడు. పందొమ్మిదేళ్ళ నా పాఠం, ఐస్‌క్రీమ్ కరిగించినట్టుంటుందన్న ఆ ముక్క, ఈ మనిషికి చావు కబురులా వినపడింది. ఆయన దాన్ని ఒక్కడే మోస్తూ పదిహేను రోజులు ఈ మంచం మీద పడుకున్నాడు. నేనేమో ఆయన్ని దాగుడుమూతలు ఆడుతున్నావా అన్నాను. నన్ను నేను రెండు లెంపకాయలు కొట్టుకోవాలనిపించింది.

పెద్ద సిస్టర్‌ని పిలిచాను. ఆవిడ మేస్త్రి వేసుకునే మందుల పట్టీ చూసి, పుండు కోసం ఇస్తున్న మాత్రల్లో ఒకటి చాలామందికి నోట్లో ఇనుము రుచి తెస్తుందని, ఇంకొన్నాళ్ళు దాన్ని వేసుకోక తప్పదని, మానేశాక ఆ రుచీ పోతుందని, చావుకీ దీనికీ ఏ సంబంధమూ లేదని విడమరిచి చెప్పింది. ఇంతకాలం నాకెందుకు చెప్పలేదని అడిగాను. రోగి అంటే చెప్పేదాన్నని, రోగిని అడిగితే అనేవాడని ఆవిడ అంది. అడిగే ఉద్యోగం నాదేనని మాత్రం అనలేదు. అనకపోయినా నాకు వినపడింది.

భార్య తడిబట్టల బకెట్టుతో తిరిగొచ్చింది. సంగతి ఆవిడకి మీరే చెప్పుకోండని మేము ఇవతలికొచ్చేశాం. గుమ్మం దగ్గర నేను ఆగి చూశాను, అది నా చెడ్డ అలవాటు. ఆయన ఏదో చెప్పాడు. ఆవిడ చేతిలో తువ్వాలుతో ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత అదే తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి మేస్త్రి మంచం పద్ధతి మార్చేశాం. పెద్ద సిస్టర్ స్టీలు గ్లాసు తీసేసి, మందులు కొలిచే చిన్న ప్లాస్టిక్ కప్పు తెచ్చింది. ఇకమీదట ఇవి పాలు కావు, మందు అని ప్రకటించింది. మందు బాగుందా అని ఎవరూ అడగరు, బాగోలేదని ఎవరూ సిగ్గుపడరు. గ్లాసెడు ఒకేసారి పోయకుండా సీసాని నాలుగు భాగాలు చేసి, ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకో కప్పు ఇవ్వాలనుకున్నాం. ఇరుకు దారి గల కడుపుకి అదే మంచిది కూడా. చల్లగా ఉంటే వాసన తగ్గుతుందని స్టాఫ్ గదిలోని ఫ్రిజ్‌లో పెట్టించాను. దానికోసం మా లంచ్ బాక్సులు బయటికి రావాల్సివచ్చింది. వారం రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

నాలుగు భాగాలు అనగానే మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఆయమ్మ కంటి అంచనాతో పోస్తుంటే ఒప్పుకోలేదు. కాగితం చీలిక తీసుకుని, చెవి మీది పెన్సిలుతో గీతలు పెట్టి, సీసాకి అంటించాడు. సీసా మెడ దగ్గర సన్నబడుతుంది కాబట్టి పై గీత కాస్త ఎడంగా ఉండాలని ఆయమ్మకి పాఠం కూడా చెప్పాడు. మూడు రకాలూ రుచి చూసి తన తీర్పు కూడా చెప్పాడు. చాక్లెట్ అయితే తుప్పు మేకుల్లా ఉందట, వెనిల్లా అయితే కొత్త మేకుల్లా ఉందట. కొత్తవే నయమన్నాడు. స్ట్రాబెరీ గురించి ఆయనన్నది ఇక్కడ రాయను.

నేను ఒక్క షరతు పెట్టాను. తిట్టుకుంటూ తాగొచ్చు, కాని తాగాలి. మేస్త్రి దాన్ని తూచా తప్పకుండా పాటించాడు. నేను వార్డులో అడుగుపెట్టగానే ఆయన కప్పు ఎత్తి, మీ పాలు దరిద్రంగా ఉన్నాయమ్మా అనేవాడు. తెలుసు, కానివ్వండి అనేదాన్ని. మా ఇద్దరికీ అదే పలకరింపు అయిపోయింది. భార్య మొదట్లో కంగారుపడి సర్దిచెప్పబోయేది, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది.

అన్ని రోజులూ ఒక్కలా సాగలేదు. అయిదో రోజు మొత్తం కక్కేశాడు. ఆరో రోజు కప్పు చూస్తేనే మొహం తిప్పుకున్నాడు. నాకు కోపం ముక్కు దాకా వచ్చింది. ఈసారి మింగేశాను. భార్య ఆయన పక్కన కూర్చుని, ఏమీ బతిమాలకుండా, సీసా మీది గీతని వేలితో చూపించింది. గీత దాకా తాగినది ఆ రోజు ఒక్క కప్పే. ఏడో రోజు మళ్ళీ పన్నెండు కప్పులకీ వచ్చాడు.

రెండు వారాల గడువు తీరేసరికి నలభై నాలుగుంబావు. అంటే నలభై అయిదుకి ముప్పావు కిలో తక్కువ. సర్జన్‌గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. తగ్గుతూ వచ్చిన బరువు పైకి తిరిగింది కదా, ఇంకో పదిరోజులిద్దామన్నారు. నేను ఆయన కాళ్ళకి దండం పెట్టడం ఒక్కటే తక్కువ.

పదో రోజు ఉదయం మిషన్ తెచ్చి మేస్త్రి మంచం దగ్గర పెట్టారు. పెద్ద సిస్టర్, ఆయమ్మ, నేను, ఆయన భార్య, అందరం చుట్టూ చేరాం. మేస్త్రి చెప్పులు విడిచాడు. ఒక కాలు మిషన్ మీద పెట్టి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. చెవి మీది పెన్సిలు తీసి భార్యకి అందించాడు.

"ఇది పట్టుకో. ఇక దొంగ కొలతలొద్దు" అన్నాడు.

పెన్సిలు లేకుండా నలభై అయిదు కిలోల వంద గ్రాములు తూగాడు. ఆయమ్మ నన్ను కావలించుకుంది. నేను నలుగురిలో ఏడ్చే రకాన్ని కాను, అందుకని ఫ్రిజ్ సర్దాలని చెప్పి అక్కణ్ణించి వచ్చేశాను.

ఆపరేషన్ జరిగింది. నాలుగు రోజులు పెద్దాయన గొట్టాలతో, సూదులతో పడుకున్నాడు. కుట్లు నిదానంగా మానుతున్నాయి. పుండు మాత్రలు ఆపేసి అప్పటికి వారం దాటింది. నీళ్ళు, పలచని సూపు దిగుతున్నాయని తెలిశాక, మళ్ళీ వెనిల్లా మొదలుపెట్టమని సర్జన్‌గారు రాశారు. నేనే స్వయంగా చిన్న కప్పులో పోసి తీసుకెళ్ళాను. బాగుంటుందని గాని, బాగుండదని గాని అనలేదు.

మేస్త్రి ఒక గుక్క తాగాడు. కాస్త ఆగాడు. మొదటి రోజు ఆగినట్టే ఆగాడు. భార్య మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ, మేకులేనా?" అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకో చిన్న గుక్క తాగి, నాలుకతో అంగిలి తడుముకున్నాడు. మొహమంతా చిట్లించాడు.

"తీపి. అబ్బా, ఏమిటే ఇంత తీపి? దీన్ని మనుషులు తాగుతారా? ఇదిగో, నువ్వు చూడు" అని కప్పు ఆవిడ చేతికిచ్చాడు.

ఇన్ని వారాల్లో ఆవిడ ఆ పాలు ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆయన వంతులో చుక్క కూడా తగ్గకూడదని ఎప్పుడూ రుచి చూడలేదట. ఒక గుక్క తాగింది. అచ్చం ఆయనలాగే మొహం చిట్లించింది.

"అవునండీ. మరీ తీపి" అంది.

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన నవ్వబోయి కుట్ల దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆవిడకి నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. ఈసారి నాకు ఫ్రిజ్ గుర్తు రాలేదు, అక్కడే నిలబడి ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని మంచానికి తగిలించిన కాగితం తీశాను. రాయడానికి నా దగ్గర ఏమీ లేకపోతే మేస్త్రి తన పెన్సిలు ఇచ్చాడు. టిక్కు పెట్టి, చిట్టచివరి గడిలో రాశాను: మరీ తీపిగా ఉందన్నారు.